శ్రీదేవక్క ఫ్రీజర్

జంషెడ్‌పూర్ పక్కన మా గోవింద్‌పూర్‌లో కరెంటు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అని నన్నడక్కండి. అడిగితే నాకు తిక్క రేగుతుంది. ఆ వేసవంతా నేను కరెంటుని తిట్టాను, కాంట్రాక్టరుని తిట్టాను, మా ఆయన్ని తిట్టాను. మా తోటికోడలు శ్రీదేవక్కని మాత్రం మనసులో తిట్టుకుని పైకి నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఎండలు ముదరకముందే మా ఆయన కిషోర్‌కి పని ఆగిపోయింది. ట్రక్కుల సీట్లు కుట్టే ఒక చిన్న యూనిట్‌లో ఆయనది కాంట్రాక్టు పని. "ఆర్డర్లు లేవు, పిలిచినప్పుడు రండి" అన్నారు. ఎవరూ పిలవలేదు. ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఫోను జేబులో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. "పోనీలే సింధూ, పిలుత్తార్లే" అనేవాడు. ఆ 'పోనీలే' వింటే నాకు చేతిలో ఉన్న గరిటె విసిరికొట్టాలనిపించేది.

నాకు బాగా వచ్చిన పని ఒకటుంది. పళ్ళరసంతో బరఫ్ శర్బత్ చెయ్యడం. పచ్చిమామిడికాయలు నిప్పుల మీద కాల్చి, గుజ్జు తీసి, బెల్లం, నల్లుప్పు, వేయించిన జీలకర్ర, పుదీనా కలిపి పల్చటి స్టీలు ట్రేల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. సగం గడ్డకట్టాక తీసి ఫోర్కుతో గీరాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ గీరాలి. అప్పుడది రాయిలా కాకుండా ఇసుకలా పొడిపొడిగా వస్తుంది. గ్లాసులో వేస్తే సగం తాగాలి, సగం నమలాలి. పుచ్చకాయైనా, లీచీ అయినా అంతే. ఏటా మా పిల్లకీ, పక్కిళ్ళ పిల్లలకీ చేసేదాన్ని. ఆ ఏడు అమ్ముదామనుకున్నాను. కాని సరిగ్గా గీరే వేళకి కరెంటు పోయేది. బరఫ్ కావలసింది పానకమై కూర్చునేది.

ఒక రోజు ఆ పానకాన్ని చూసి మా అమ్మాయి వెన్నెల, "మమ్మీ, బడీ మమ్మీ కే ఘర్ మే తో లైట్ జాతీ హీ నహీ" అంది. మేము తెలుగులో అడిగితే అది హిందీలో చెప్తుంది, ఏం చేస్తాం. దాని బడీ మమ్మీ అంటే శ్రీదేవక్కే. నిజమే, వాళ్ళింట్లో కరెంటు పోదు. మా బావగారు వెంకటరావు రైల్వేలో గార్డు. టాటానగర్ స్టేషన్ దగ్గర రైల్వే కాలనీలో క్వార్టరు. పైగా వాళ్ళ వరండాలో పెద్ద డీప్ ఫ్రీజర్ ఒకటి ఊరికే పడుంది. అక్క తమ్ముడు షాపు మూసేసినప్పుడు తెచ్చి పెట్టాడట. దాని మూత మీద ఇస్త్రీ బట్టలు దొంతరగా పెట్టుకునేవారు.

అడగడానికి వెళ్ళాను. అక్క సోఫాలో కూర్చుని జపమాల తిప్పుతోంది. అంతకుముందే ఆవిడా, బావగారూ ఎవరో గురువుగారి దగ్గర మంత్రం తీసుకుని మెడలో తులసి కంఠీలు కట్టుకున్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చేప లేదు, గుడ్డు లేదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. మంచిదే, ఎవరి భక్తి వాళ్ళది. కాని మా అత్త పైడమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టిన మనిషి. కంచంలో చేప ముక్క లేకపోతే ముద్ద దిగదు. ఆవిడకి ఏ గురువూ మంత్రం ఇవ్వలేదు, నీకు కావాలా అని ఎవరూ అడగనూ లేదు. ఆవిడ చేపల దాకని మాత్రం అక్క పాతసామాన్లవాడికి వేసేసింది.

"పెట్టుకో సింధూ, నాకేటి? ఉత్తినే పడున్నాది కదా" అంది అక్క. "కాని ఇది గురువుగారి ఫోటో ఉన్న ఇల్లు. మీ ఇంట్లో మీరేటి తింతారో నాకు తెల్దు. ఆ చేతుల్తో రాకు. తానం చేసి రా. గిన్నెలు కూడా కొత్తవి తెచ్చుకో."

"అలాగే అక్కా."

"పక్కా?"

"పక్కా అక్కా."

అక్కడే నవ్వాను. గోవింద్‌పూర్‌లో మేము స్నానపానాల్లేకుండా బతుకుతున్నట్టు మాట్లాడింది, నేను నవ్వాను. బావగారు హిందీ పేపరు వెనకనుంచి "పోనీలే, పెట్టుకోనీ" అన్నారు. అన్నదమ్ములిద్దరికీ దేవుడు ఆ ఒక్క మాటే ఇచ్చి పంపాడు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం తలారా స్నానం చేసి, గుజ్జు డబ్బాలు పట్టుకుని బర్మామైన్స్ మీదుగా ఆటోలో క్వార్టరుకి వెళ్ళేదాన్ని. ట్రేల్లో పోసి, మొదటిసారి గీరి ఇంటికొచ్చేదాన్ని. తర్వాత గీరే పని మా అత్త తీసుకుంది.

"నువ్వెల్లిపోవే, పిల్ల బడినుంచి వత్తాది. గీరడం నాను సూసుకుంతాను" అనేది. ఫోర్కు పట్టుకుని గరగరా గీరుతుంటే ఆవిడకి ఎక్కడలేని హుషారొచ్చేది. "ఓలమ్మా, ఎంత బాగా పొడైపోతన్నాదో సూడు! ఉప్పు మడిలో ఉప్పు నాగున్నాది కాదేటి!"

ఒక రోజు నేను అడుగు ట్రే తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది నువ్వు తియ్యకు. ఒంగుంటే నడుం పట్టేత్తాది. అడుగుది నానే తీత్తాను, నానే పెడతాను."

అంత పెద్ద మనిషి నా నడుం గురించి బెంగపెట్టుకుంటోందని మురిసిపోయాను. మురిసిపోయానండీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

శర్బత్ బాగా పోయింది. గోవింద్‌పూర్ కాలనీలో మొదలైంది, ఫోన్ల మీద జుగ్సలాయి దాకా వెళ్ళింది. అక్కడ కిరణ్ అగర్వాల్ అని ఒక దీదీ రెండుసార్లు తెప్పించుకుని తాగి, మూడోసారి నన్నే పిలిపించింది. నిర్జల ఏకాదశి వస్తోంది. ఆ రోజు వాళ్ళ ఆడవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. తాము దాహంతో ఉండి, దారినపోయే వాళ్ళందరికీ చల్లటి శర్బత్ పంచుతారు. ఆ శర్బత్ ఈసారి నన్ను చెయ్యమంది. ఇంకో మాట కూడా అంది. ఇది బాగా జరిగితే, బజారులో వాళ్ళాయన మిఠాయి కొట్టు ఫ్రీజర్‌లో నాకొక అర ఇప్పిస్తుందట. ఏడాది పొడుగునా నా శర్బత్ నా పేరుతోనే అక్కడ అమ్ముకోవచ్చట.

నాకొక అర! ఆటోలో ఇంటికొస్తూ అదే అనుకున్నాను. ఇంక శ్రీదేవక్క గుమ్మంలో చేతులు చూపించి లోపలికెళ్ళక్కర్లేదు. "పక్కా" అక్కర్లేదు. ఆ ఏకాదశి ఒక్కటీ గట్టెక్కితే చాలు. కిషోర్‌తో చెప్తే ఆయన గుమ్మంలోంచి లేచి, నాతో పాటు మామిడికాయలు కాల్చడానికి కూర్చున్నాడు. పని పోయాక ఆయన అలా లేవడం అదే మొదలు.

ఏకాదశి రోజు రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. జుగ్సలాయి బజారు మూల షామియానా వేశారు. పసుపు చీరల్లో ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. పెదాలు ఎండి అట్టలు కట్టాయి, అయినా నవ్వుతూ గ్లాసులు అందిస్తున్నారు. నేను వెనక కూర్చుని థర్మాకోల్ పెట్టెల్లోంచి తోడుతున్నాను, కిషోర్ పైన పుదీనా వేస్తున్నాడు. పుచ్చకాయ పెట్టె చూస్తుండగానే ఖాళీ అయింది. రిక్షావాళ్ళు, కూలీలు, బడి పిల్లలు తాగి మళ్ళీ వరుసలో నిలబడ్డారు. కిరణ్ దీదీ నా వైపు తిరిగి తల ఊపింది. ఆ తల ఊపుకి నా కడుపు నిండిపోయింది.

తర్వాత మామిడి పెట్టె తెరిచాను.

తెల్ల ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన గ్లాసు అందుకుని, వెంటనే తాగకుండా ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఎండకి బరఫ్ కరిగిపోయింది. అప్పుడు నోట్లో పోసుకున్నాడు. పోసుకుని ఆగాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఇస్ మే మఛ్‌లీ హై" అన్నాడు, ఇందులో చేప ఉందని. గట్టిగా కూడా అనలేదు.

కిరణ్ దీదీ గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉపవాసం, రుచి చూడ్డానికి లేదు. చూడక్కర్లేదు కూడా, ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది. నేను లాక్కుని తాగాను. చల్లగా ఉన్నంతసేపూ మామిడే. నాలిక మీద కరిగాక గొంతు వెనకనుంచి లేచింది వాసన. ఎండు నెత్తళ్ళు! వేలెడంత చేపలు, ఉప్పేసి సముద్రపు ఇసుకలో ఎండబెడతారు. చిన్నప్పట్నుంచి చద్దన్నంలో నంజుకు తిన్నదాన్ని, ఆ వాసన నాకు తెలియకపోవడమేంటి? రాత్రి గీరేటప్పుడు గడ్డకట్టి ఉంది కాబట్టి ఎవరి ముక్కుకీ అందలేదు, అంతే.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు సిగ్గు కాదు, కోపమే. అరుపులు, గ్లాసులు నేలకేసి కొట్టడాలు. మా ధర్మం పాడుచేశావని ఒకావిడ ఏడ్చింది. పెట్టెలన్నీ మురిక్కాలవలో పారబోయించారు. కిరణ్ దీదీ ఒక్క మాట కూడా తిట్టలేదు. "తుమ్ జావో" అని మొహం తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

కిషోర్ నా చెయ్యి పట్టుకుని, "పోనీలే సింధూ, ఎల్లిపోదాం రా" అన్నాడు.

"ఇంకోసారి ఆ మాటంటే ఈ పెట్టె నీ నెత్తి మీద బోర్లిత్తాను!" అని బజారులోనే అరిచాను.

ఇంటికి వెళ్ళలేదు. ఆటోని నేరుగా రైల్వే కాలనీకి పొమ్మన్నాను. చేప మాటెత్తితేనే చెవులు మూసుకునే ఇంట్లో, నా ట్రేలోకి చేప వాసన ఎలా వచ్చింది? ఎవరో ఒకరు నన్ను బజారులో నిలబెట్టారు. వాళ్ళెవరో తేల్చుకుని, జుట్టు పట్టుకుని అడుగుదామనే వెళ్ళాను.

నాకంటే ముందే కబురు చేరిపోయింది. అక్క సత్సంగం వాళ్ళలో సగంమంది జుగ్సలాయివాళ్ళే. ఆవిడ వరండాలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. బావగారు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్ల యూనిఫాం కూడా విప్పలేదు. మా అత్త గుమ్మం లోపల, తలుపు పక్కన ఉంది.

"నా ఫ్రీజర్‌లో చేపలా?" అని మొదలుపెట్టింది అక్క.

"అదే నేనూ అడగడానికొచ్చాను" అని ఇస్త్రీ బట్టలు పక్కకి తోసి మూత ఎత్తాను. ఖాళీ ట్రేలు ఒక్కొక్కటే బైట పడేశాను. అడుగు ట్రే కింద, మంచులో కూరుకుపోయి ఒక పొట్లం ఉంది. పీకాను. మూల చిరిగి, నాలుగు నెత్తళ్ళ తలకాయలు బైటికి చూస్తున్నాయి.

పొట్లం చుట్టింది తెలుగు పేపరులో. మా జంషెడ్‌పూర్‌లో ఎవరింట్లో తెలుగు పేపరు ఉంటుంది? ఊర్నుంచి రైలెక్కి రావాల్సిందే. ఆమధ్య ఊర్నుంచి ఈ ఇంటికొచ్చినవాడు ఒక్కడే, మా అత్త తమ్ముడు, దేముడు మావయ్య.

తలెత్తి చూశాను. అత్త నా వైపు చూడటం లేదు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

"ఎవరు పెట్టేరో ఇప్పుడే తేలాల" అంది అక్క. "నా ఇంట్లో మనిషే అయితే ఇయ్యాలినుంచి నా వంటింటి గడప తొక్కడానికి లేదు. కంచం వేరు, చెంబు వేరు. పెరట్లో కూకోబెట్టి పెడతాను. గురువుగారి మీద ఒట్టు!"

బావగారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు. మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. కన్నతల్లికి పెరట్లో కంచం పెడతానంటే, ఒకడికి ఫ్యాను దొరికింది, ఒకడికి నేల దొరికింది. దారంతా నేను దాచుకుని తెచ్చిన కోపం అక్కడికక్కడే దారి మార్చుకుంది.

ఆ పేపరు ముక్క నలిపి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"నాదే అక్కా. నేనే పెట్టాను" అన్నాను.

"నువ్వా?"

"నేనే. బజారులో కొన్నాను, పెట్టి మర్చిపోయాను."

అక్క ఎన్ని తిట్టిందో నేను వినలేదు. ఇంకెప్పుడూ ఆ ఫ్రీజర్ ముట్టుకోవద్దంది, అది మాత్రం వినిపించింది. ట్రేలు, పెట్టెలు, పొట్లం, అన్నీ సర్దుకుని ఆటోలో వేశాను. "నాది నేను పట్టుకుపోతాను" అని ఆ పొట్లాన్ని అందరికీ కనిపించేలా ఒళ్ళో పెట్టుకున్నాను.

గేటు దగ్గరికి అత్త వచ్చింది. నేను మర్చిపోయిన ఫోర్కు చేతిలో ఉంది.

"బరఫ్‌లో ఎడితే వాసన సచ్చిపోతాదనుకున్నానే" అంది.

"చచ్చింది నా పనత్తా! ఒక్క ముక్క నాతో చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

"అవునే."

"అవునేటి అవును! ఇవి కాల్చుకునేదానివెక్కడ?"

"ఎనక క్వార్టర్ ఒడియా వోలమ్మాయి కాల్చి ఇచ్చీది. పెద్దది సత్సంగానికెల్తే, వోలింటి పెరట్లో నిలబడి తినీసీదాన్ని."

"నిలబడా?"

"కూకుంటే చీరకి వాసన అంటుకుంతాదని."

ఆటోవాణ్ణి పొమ్మని అరిచాను. పాపం, వాడేం చేశాడు?

ఆ వారంలోనే ఒక పొద్దున్న మా గుమ్మంలో ఆటో ఆగింది. అత్త తన రేకు పెట్టె తానే దింపుకుంది. "చిన్నదానికి సాయానికెల్తన్నానని సెప్పేను" అంది. లోపలికొచ్చి, చెంబుడు నీళ్ళు తాగి, "ఆ పొట్లం పారేసేవేటి?" అని అడిగింది. పారెయ్యలేదు. వంటింటి అటక మీద డబ్బాలో ఉంది. ఎందుకు ఉంచానో నాకే తెలీదు.

కిరణ్ దీదీకి మళ్ళీ ఫోన్ చేశాను, ఎత్తలేదు. నేనే పెట్టానన్న మాట జుగ్సలాయి అంతా పాకిపోయింది కదా, ఎందుకెత్తుతుంది? నాకు అర లేదు, కొట్టు లేదు, ఫ్రీజరూ లేదు. ముసల్దాని మీద నాకు కోపం పోయిందనుకోకండి. మామిడికాయ కాల్చినప్పుడల్లా వచ్చేది, మొహం మీదే అనేసేదాన్ని. "తిట్టే, తిట్టు" అనేది ఆవిడ. కిషోర్ ఆదిత్యపూర్ ఐసు ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద ఐసు దిమ్మ తెచ్చేవాడు. దాన్ని పగలగొట్టి, రాళ్ళుప్పు కలిపి, బాల్చీలో పోసి, మధ్యలో రసం డబ్బా పెట్టి అత్త కూర్చుని తిప్పేది. చేతులు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుని మళ్ళీ తిప్పేది. గోవింద్‌పూర్ వరకే అమ్మాను. కరెంటు అక్కర్లేని బరఫ్ అది, ఇసుకలా కాకపోయినా గులకలా వచ్చేది.

తొలకరి పడ్డాక బావగారు వచ్చారు. అత్త వంటింటి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, చద్దన్నంలో వేయించిన నెత్తళ్ళు నంజుకుంటోంది. ఇల్లంతా ఆ వాసనే. కిషోర్ ఐసుకి వెళ్ళాడు, పిల్ల బడికి వెళ్ళింది.

"అమ్మా, పద. జనం ఏటనుకుంతారు? పెద్దకొడుకు ఎల్లగొట్టేడనుకోరా?" అన్నారు బావగారు, గుమ్మం బైటే నిలబడి.

"నిలబడిపోయేవేటి? కూకో. ఓ ముద్ద తింతావా?" అంది అత్త.

ఆయన నన్ను చూశారు. వీధిలోకి చూశారు. కంఠీ చొక్కా లోపలికి తోసి, చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నారు. నేను కంచం పెట్టాను. తలెత్తకుండా తిన్నారు. దాకలో ఉన్నదంతా ఊడ్చి, వేళ్ళు కూడా నాకారు. ఎన్నాళ్ళ ఆకలో అనిపించింది. ఆ వెంటనే ఆ రోజు ఆయన ఫ్యాను వైపు చూడటం గుర్తొచ్చి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పంపు దగ్గర సబ్బు పెట్టి చేతులు తోముకున్నారు. నిమ్మచెక్క అడిగి రుద్దుకున్నారు. నోటి వాసన పోవడానికని నేనే గ్లాసుడు మామిడి బరఫ్ ఇచ్చాను. సగం తాగి, సగం నమిలి, గొంతు తగ్గించి అన్నారు.

"సింధూ, ఇది మీ అక్కకి తెలీకూడదమ్మా. వాసన పట్టేత్తే మాత్రం... నీ ఇంట్లో కూకున్నప్పుడు అంటుకున్నాదని నువ్వే ఓ మాట చెప్పు."

నేను గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"బావగారూ, నేనే అని ఒకసారి అనేశాను. నా దగ్గర ఇంక ఆ మాట లేదు. ఈసారి మీరే అనండి."

వెనక అత్త కంచంలో నీళ్ళు పోసుకుంటోంది. ఆయన కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. చూసుకుని, మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళారు.